హిప్పో బిషప్పు లెక్క చెప్పిన దినము

మఠములకును, దేవాలయములకును, క్రైస్తవ సంఘములకును పెద్దలై యుండువారిని గూర్చి లోకము రెండు ప్రశ్నలు వేయుచుండును. వారేమి బోధించుచున్నారనునది మొదటిది. వారి చేతికి వచ్చిన ధనమేమగుచున్నదనునది రెండవది. మొదటి ప్రశ్నకు గ్రంథములలో ఎన్నియో సమాధానములు దొరకును. రెండవదానికి దొరకునవి తక్కువ. అయినను ఒక బిషప్పు తన ఊరి జనమును పిలిచి, వారి యెదుట కూర్చుండి, తనతో కలిసి జీవించు గురువుల పేర్లెత్తి, ఎవనికేమున్నదో, ఎవనికేమియు లేదో బహిరంగముగా చెప్పిన సందర్భమొకటి పదునారు వందల యేండ్లనాటిది మనకు మిగిలియున్నది. ఆ బిషప్పు అగస్తీను. ఆ ఊరు ఆఫ్రికా ఉత్తరతీరమున నుండిన హిప్పో రెగియుసు. నేడది అల్జీరియా దేశములో అన్నాబా అను పేరుగల రేవుపట్టణము.

అగస్తీను పేరు వినగానే పాపము, దైవకృప, కాలస్వరూపము మున్నగు గంభీరవిషయములు స్ఫురించుట సహజము. మేము నేడు వాని జోలికి పోము. ఆయన ఇంటి లెక్కలను గూర్చి మాత్రమే ముచ్చటింపదలచితిమి. ఆ లెక్కలు చెప్పిన దినమునకు ముందు నడచిన కథ కొంత తెలియనిదే వాని బరువు మనకు తెలియదు.

అగస్తీను క్రీ. శ. 354లో తగస్తె అను చిన్న పట్టణములో పుట్టెను. తండ్రికి కొద్దిపాటి పొలములుండెను. కుమారుడు తెలివిగలవాడని గుర్తించి తలిదండ్రులు కష్టపడి చదివించిరి. రోమను సామ్రాజ్యములో ఆ కాలమున వాక్చాతుర్యమనగా పదవులకు రాచబాట. అతడు కార్తేజిలోను, రోములోను, మిలాను నగరములోను వక్తృత్వకళను బోధించెను. మిలాను నాడు చక్రవర్తి కొలువుండిన పట్టణము. అక్కడ చక్రవర్తిని పొగడుచు ఉపన్యాసము చేయవలసిన పని అతనికి తగిలెను. అందులో పెక్కు అబద్ధములు చెప్పవలసి యుండెననియు, అవి అబద్ధములని యెరిగినవారే మెచ్చుకొనుటకు సిద్ధముగా నుండిరనియు ఆయనయే తరువాత తన ఆత్మకథలో వ్రాసికొనెను. ఆ దిగులుతో వీధిలో పోవుచుండగా త్రాగి నవ్వుచున్న బిచ్చగాడొకడు కనబడెనట. తానింత పాటుపడియు పొందలేని సంతోషమును వాడు నాలుగు కాసులతో సంపాదించుకొన్నాడని ఆయనకు తోచెను. తన వృత్తిని మాటల వర్తకమని ఆయన చెప్పుకొనెను. సత్యము విషయమున ఆయనకు తరువాత కలిగిన పట్టుదలకు ఈ అనుభవమే మూలమని మా తలంపు. అబద్ధమును అంగడిలో పెట్టి అమ్మినవానికి దాని తూకము ఇతరులకంటె బాగుగా తెలియును గదా.

386లో ఆయన మనస్సు మారెను. మరుసటి యేడు మిలానులో బిషప్పు అంబ్రోసు చేతిమీదుగా బాప్తిస్మము పొంది, 388లో స్వదేశమునకు తిరిగివచ్చెను. ఎక్కడనైన చిన్న మఠము కట్టుకొని చదువుకొనవలెననియే ఆయన కోరిక. ఆ కాలమున బిషప్పు లేని ఊరికి పేరుగల పండితుడు పోయినచో జనము పట్టుకొని బలవంతముగా పీఠమెక్కించుట కలదు. అందుచేత అట్టి ఊళ్లకు పోకుండ ఆయన జాగ్రత్తపడెను. 391లో ఒక మిత్రుని చూడ హిప్పోకు వచ్చెను. అక్కడ వలేరియుసు అను వృద్ధ బిషప్పు ఉండనేయుండెను గనుక భయము లేదనుకొనెను. కాని జనము ఆయనను గుడిలోనే పట్టుకొని ముందునకు లాగి గురువుగా అభిషేకింపజేసిరి. ఆయన కన్నీరు కార్చుచుండగా, ఏకముగా బిషప్పు పదవి దొరకలేదని ఏడ్చుచున్నాడనుకొని కొందరు ఓదార్చిరట. జనులు మన కన్నీటికి చెప్పుకొను కారణములు ఎప్పుడును ఇట్లే యుండును! 395 ప్రాంతమున వలేరియుసు తన జీవితకాలముననే ఆయనను తోడి బిషప్పుగా చేయించెను. అప్పటినుండి మరణమువరకు హిప్పో సంఘభారము అగస్తీనుపైననే యుండెను.

ఆ భారములో ధనభారమొకటి. 321లో కాన్‌స్టంటైను చక్రవర్తి క్రైస్తవసంఘములకు వీలునామాల ద్వారా ఆస్తులు వ్రాయుటకు అనుమతి నిచ్చియుండెను. డెబ్బది ఎనుబది యేండ్లలో సంఘములకు పొలములు, ఇండ్లు, తోటలు సమకూడెను. వాని పెత్తనము బిషప్పుది. ఊరివారి తగవులు తీర్చుటయు బిషప్పు పనియే. అంతకుముందు హింసలకోర్చిన పెద్దల నిజాయితీకి పరీక్ష చెరసాలలో జరిగెను. ఇప్పుడది లెక్కల పుస్తకములోనికి మారెను. ఈ రెండవ పరీక్ష మొదటిదానికంటె సులభమైనదని మేము అనుకొనము.

అగస్తీను బిషప్పుగృహమునే మఠముగా మార్చెను. అపొస్తలుల కార్యములలో యెరూషలేము విశ్వాసులు తమ ఆస్తులమ్మి ఉమ్మడిగా జీవించిరని యున్నది. అదే ఆయనకు మేలుబంతి. తనతో నుండు గురువులు, డీకనులు సొంత ఆస్తి వదలుకొని ఒకే బల్లయొద్ద భుజింపవలెను, ఒకే బొక్కసమునుండి బట్టలు పొందవలెను. ఆ యింటిని గూర్చి కలామా బిషప్పు పొస్సిదియుసు వ్రాసిన జీవితచరిత్రలో చక్కని వివరములున్నవి. ఆయన అగస్తీనుతో నలుబది యేండ్ల దాపు స్నేహము నెరపినవాడు. ఆ బల్లమీద గరిటెలు మాత్రము వెండివి; గిన్నెలు, పళ్లెములు మట్టివో, కొయ్యవో, చలువరాతివో. దగ్గరలేనివారిని నిందించువానికి ఈ బల్లయొద్ద చోటులేదను భావముగల పద్యమొకటి అక్కడ వ్రాయించియుండెనట. ఒకనాడు తోటి బిషప్పులే ఆ నియమమును మరచి మాటలాడగా, ఆ పద్యమునైన చెరిపివేయవలెను, లేదా తాను లేచి గదిలోనికి పోవలెనని అగస్తీను గట్టిగా చెప్పెనట.

ఇక లెక్కల సంగతి. సంఘపు ఆదాయవ్యయములను సమర్థులైన గురువులు వంతులవారీగా చూచుచుండిరి. అగస్తీను తాళపుచెవిగాని, ముద్రటుంగరముగాని చేత పట్టలేదు. సంవత్సరాంతమున జమాఖర్చులు ఆయనకు చదివి వినిపించుచుండిరి. చాల పద్దులలో ఆయన పరిశీలించుటకంటె లెక్క చూచువాని నమ్మకముమీదనే ఆధారపడుచుండెనని పొస్సిదియుసు దాచక వ్రాసెను. ఇది నిష్కామమునకు గుర్తని శిష్యుని భావము. మాకు మాత్రము ఇందులో కొంత లోపము కనబడుచున్నది. తాను మోసగింపనివాడు ఇతరులును మోసగింపరని త్వరగా నమ్మును. తరువాత వచ్చిన చిక్కులలో కొన్నిటికి ఈ స్వభావమే కారణమయ్యెను.

మాటల విషయమున ఆయన అంత ఉదారుడు కాడు. 395 ప్రాంతమున అబద్ధమును గూర్చి ఒక గ్రంథము, 420 ప్రాంతమున అబద్ధమునకు విరుద్ధముగా మరియొక గ్రంథము వ్రాసెను. రెండవదానికి కారణము విచిత్రమైనది. ఆ కాలమున స్పెయిను దేశములో ప్రిస్కిల్లియాను మతస్థులు తమ మతమును దాచుకొని తిరుగుచుండిరి. వారిని పట్టుటకు మనవారుకూడ ఆ మతస్థులవలె నటించి వారిలో చేరవచ్చునా యని కొన్‌సెంతియుసు అను పండితుడు అడిగెను. అగస్తీను ఒప్పుకొనలేదు. అబద్ధికులను పట్టుటకు మనము అబద్ధికులమైనచో, ఇక మన నోట వచ్చిన సత్యమును ఎవరు నమ్ముదురని ఆయన వాదము. బేత్లెహేములో నుండిన జెరోము పండితునితోడను ఆయనకు ఇట్టి వాదమే నడచెను. పౌలు పేతురును అందరియెదుట మందలించుట ముందుగా అనుకొని ఆడిన నాటకమని జెరోము వ్యాఖ్యానము. పరిశుద్ధగ్రంథములో ఒక్క మంచి అబద్ధమునకు చోటిచ్చినను ఏ వాక్యమును నమ్మదగినది కాకపోవునని అగస్తీను భయపడెను. పేతురు నిజముగానే తప్పుచేసెనని, దిద్దుబాటును వినయముతో స్వీకరించెనని చెప్పుట పేతురునకే గౌరవమని ఆయన అభిప్రాయము. మాకును ఇదియే సరియని తోచుచున్నది.

సిద్ధాంతమట్లుండగా, నడవడిలో ఆయన చిక్కుపడిన ఘట్టములు లేకపోలేదు. 411లో రోమునగరపు మహాధనవంతుడు పినియానుసు తన భార్య మెలానియాతో హిప్పోకు వచ్చెను. వారు తమ అపారమైన ఆస్తిని ధర్మములకు పంచుచుండిరి. జనము గుడిలో కేకలు వేయుచు అతనిని గురువుగా అభిషేకింపుమని అగస్తీనును నిర్బంధించిరి. అల్లరి పెరిగెను. చివరకు తాను హిప్పోలోనే నివసింతునని పినియానుసు ప్రమాణము చేసిన పిమ్మట గాని జనము శాంతింపలేదు. అతని అత్త అల్బీనా కోపించి, హిప్పోవారికి కావలసినది గురువు కాదు, అతని ధనమే యని వ్రాసెను. ఈ నింద జనముమీదనే కాక బిషప్పుమీదకూడ పడినదని అగస్తీను గ్రహించెను. సంఘపు ఆస్తి పెత్తనము తనకు భారమే కాని ప్రీతి కాదని దేవుని సాక్షిగా బదులు వ్రాసెను. తాను వదలుకొనిన తండ్రిపొలములు ఈ సంఘపు భూములలో ఇరువదవ వంతైన ఉండవనియు ఆ జాబులో ఒప్పుకొనెను. అనగా పైకి చూచువారికి తాను పేదవాడై ధనవంతుడయినట్లే కనబడునని ఆయనకు తెలియును. అయినను, భయపెట్టి చేయించిన ప్రమాణమునుగూడ నిలుపుకొనవలసినదేయని ఆయన పట్టుబట్టుట మాకు కఠినముగా తోచుచున్నది. బలవంతపెట్టిన జనమును మందలించుటలో ఆ పట్టుదల చూపియుండిన బాగుండెడిది.

దీనికంటె పెద్ద దెబ్బ మరి పదేండ్లకు తగిలెను. హిప్పోకు 40 మైళ్ల దూరమున ఫుస్సాల అను ఊరుండెను. దొనాతీయులను వేరు సంఘమువారు అక్కడ హెచ్చుగా నుండిరి. వారిని కలుపుకొనిన తరువాత ఆ ప్రాంతమునకు వేరుగ ఒక బిషప్పు అవసరమయ్యెను. అక్కడి పల్లెజనముతో మాటలాడుటకు ప్యూనికు భాష తెలిసినవాడు కావలెను. అగస్తీను తగిన గురువునొకని నిశ్చయించి, అభిషేకము చేయుటకు నుమీదియా బిషప్పులలో పెద్దవానిని దూరప్రాంతమునుండి రప్పించెను. తీరా సమయమునకు ఆ గురువు తానొల్లనని వెనుదీసెను. వృద్ధుడైన పెద్దను రిక్తహస్తములతో పంపుటకు మనసురాక, అగస్తీను తన మఠములో పెరిగిన అంతోనీనుసు అను యువకుని ముందునకు తెచ్చెను. అతడు చిన్నతనమున తల్లితోడను మారుతండ్రితోడను దరిద్రుడై హిప్పోకు వచ్చినవాడు. గుడిలో గ్రంథపఠనము తప్ప వేరే పదవి చేసి యెరుగడు. వయస్సు ఇరువది దాటి కొద్దికాలమే.

అధికారము చేతికి రాగానే అంతోనీనుసు మారిపోయెను. ఊరివారి డబ్బు, బట్టలు, పశువులు, పంటలు లాగికొనెను. ఇతరుల కట్టడముల రాళ్లు, కొయ్యలు తెచ్చి తన ఇల్లు కట్టుకొనెను. పల్లెజనము హిప్పోకు పరుగెత్తి వచ్చి మొరపెట్టిరి. బిషప్పులు సభచేసి విచారించిరి. కొన్ని నేరములు రుజువు కాలేదు, రుజువైనవి చాలియుండెను. లాగికొనినది తిరిగి యిచ్చువరకు సహవాసము లేదనియు, బిషప్పు బిరుదు ఉన్నను ఫుస్సాలపై అధికారము లేదనియు తీర్పుచెప్పిరి. నేను బిషప్పునైనచో నా పీఠము నాకీయవలెను, పీఠమునకు తగనిచో బిషప్పుగానే ఉంచకూడదని అంతోనీనుసు తర్కించి రోముకు మొర పెట్టుకొనెను. ఈ తర్కమునకు బదులు చెప్పుట అంత సులభము కాదని మేము ఒప్పుకొనక తప్పదు. సగము శిక్ష విధించినవారు ఇట్టి ప్రశ్నకు సిద్ధపడియుండవలసినదే.

ఇక్కడ అగస్తీను ఏమిచేసెనో చూడుడు. ఇటువంటి సందర్భమున పెద్దలు సాధారణముగా చేయు పనులు మనమెరుగనివి కావు. తప్పు క్రిందివానిది, తమకు తెలియదందురు. సంఘగౌరవముకొరకని చెప్పి విషయమును మరుగుపరుతురు. అగస్తీను పోపు సెలస్తీనునకు ఒక జాబు వ్రాసెను. అందులో ఆ యువకుని పరీక్షింపక తొందరపడి ఆ ఊరివారిమీద రుద్దినవాడను నేనే యని స్పష్టముగా వ్రాసికొనెను. ఫుస్సాలవారు తనను నిందించుట న్యాయమేననెను. అధికారుల బలముతో, సిపాయిలతో అంతోనీనుసును మరల వారిపై నిలుపుదురను వదంతి పుట్టగా, అదియే జరిగినయెడల తాను బిషప్పు పదవినుండి తొలగుటకు ఆలోచించుచున్నానని తెలిపెను. అప్పటికాయన సామ్రాజ్యమంతట ప్రసిద్ధుడు. వయస్సు డెబ్బదికి దగ్గరపడినది. ఈ జాబు పండితులకు పూర్వమునుండి తెలిసినదే. అయితే ఇదే విషయమును గూర్చి ఫాబియోలా అను రోము స్త్రీకి ఆయన వ్రాసిన మరియొక పెద్ద జాబు చాలకాలము ఎవరికిని తెలియక మరుగుపడియుండెను. యోహాన్నెస్ దివ్యాక్ అను ఆస్ట్రియా పండితుడు ఫ్రాన్సులోని వ్రాతప్రతులలో కనుగొనిన జాబులలో అది దొరకెను. 1981లో అవి అచ్చయ్యెను. రాళ్లు, పశువులు, పంటల వివరములు మనకు ఆ జాబువలననే తెలిసినవి. ఎవరును అడుగకున్నను, ఎవరును చూడరనుకొన్న చోటనుకూడ ఆయన అదే మాట, అదే తప్పు తనదిగా చెప్పియుండుట అచ్చులో చూచినప్పుడు చరిత్రకారులకే ఆశ్చర్యము కలిగెను.

ఇక 425వ సంవత్సరము. ఈసారి చిక్కు సొంత ఇంటిలోనే పుట్టెను. మఠములో యనువారియుసు అను గురువుండెను. ఆస్తియంతయు వదలితినని చెప్పియే అతడు లోపలికి వచ్చెను. కొంత వెండిధనము మాత్రము మిగిలియుండెను. అది తన కుమార్తెదని, ఆమె స్త్రీల మఠములో నున్న చిన్నపిల్ల గనుక వయస్సు వచ్చువరకు తాను దాచియుంచితినని చెప్పుచుండెను. అతని కుమారుడును పురుషుల మఠములో నుండెను. చావు దగ్గరపడగానే అతడు వీలునామా వ్రాసెను. అందులో ఆ ధనము తనదేయనెను. కుమారునికిగాని కుమార్తెకుగాని ఇవ్వక, హిప్పో సంఘమును వారసునిగా పేర్కొనెను.

ఒక్కసారి ఆలోచింపుడు. చనిపోయినవాడు గురువు. సొమ్ము ముట్టినది సంఘమునకు. నోరుమూసికొని పుచ్చుకొనినచో అడుగువాడు లేడు. చనిపోయినవాని పేరు చెడదు, బొక్కసము నిండును. అగస్తీను ఆ ధనమును ముట్టననెను. ఉమ్మడి జీవితమని చెప్పి సొంత డబ్బు దాచుట ఒక తప్పు. వీలునామా వ్రాయునంత ఆస్తి తనకు కలదని చచ్చునప్పుడు చాటుట ఆ తప్పునకు రుజువు. కన్నబిడ్డలను కాదని సంఘమునకిచ్చుట మరియొక తప్పు. ఆ కానుకవలన సంఘము గూడ అతని నటనలో పాలుపంచుకొనునని ఆయన భావించెను. అపొస్తలుల కార్యములు చదివినవారికి అననీయ సప్పీరల కథ తప్పక గుర్తువచ్చును. పొలమమ్మి వచ్చిన సొమ్ములో కొంత దాచుకొని, అంతయు తెచ్చితిమని చెప్పిన దంపతులు వారు. దాచుకొనుట వారి నేరము కాదు. అంతయు ఇచ్చితిమనుట నేరము.

అగస్తీను ముందునాడే జనమును హెచ్చుగా రమ్మని కోరి, మరునాడు వారియెదుట ఈ కథయంతయు చెప్పెను. ఆయన ఆనాడు చెప్పిన ఒక భావము మాకు ముఖ్యముగా తోచుచున్నది. మనిషికి అంతరాత్మయని ఒకటి, మంచిపేరని ఒకటి, రెండు గలవు. అంతరాత్మ తనకొరకు, మంచిపేరు పొరుగువానికొరకు. నా మనసు శుద్ధముగా నున్నదిగదా, లోకులేమనుకొన్న నాకేమి యను పెద్ద పొరుగువానియెడ క్రూరుడని ఆయన తాత్పర్యము. లెక్క చెప్పుట వినయమనియు, దయయనియు మనము సాధారణముగా అనుకొందుము. ఆయన దానిని బాకీగా చూచెను.

అటుపిమ్మట ఆయన చేసిన పని మరింత సాహసమైనది. ఆస్తి వదలనివానికి గురుత్వము లేదని అంతవరకు తానే కట్టిన కట్టడిని తానే సడలించెను. ఆ కట్టడి అబద్ధికులను తయారు చేయుచున్నదని ఆయనకు తెలిసెను. సొంత ఆస్తి కావలసినవాడు బయట ఇల్లు చూచుకొని అక్కడ నుండవచ్చును, గురువుగానే యుండవచ్చును. లోపల నుండి నటింపవలదు. జనవరి 6వ తేది పండుగవరకు గడువిచ్చెను. కుంటువాడు మేలు, చచ్చినవానికి ఏడ్చుటకంటె, అన్న ధోరణిలో ఆయన ఈ మార్పును సమర్థించుకొనెను. ఒక నియమము ఎంత గొప్పదైనను దానివలన బొంకు పెరుగుచున్నప్పుడు దానిని పట్టుకొని వేలాడనివాడు అరుదు. సంస్థలు నడపినవారికి ఈ సంగతి అనుభవైకవేద్యము.

అదే ప్రసంగములో బయటివారి నింద యొకటి ప్రస్తావనకు వచ్చెను. అగస్తీను ఎవరేమిచ్చినను పుచ్చుకొనడు, అందుకే హిప్పో సంఘమునకు ఎవరును ఏమియు వ్రాయరని ఊరిలో ఒక గుసగుస. బొనిఫాకియుసు అను ఓడల యజమాని ఇచ్చిన వారసత్వమును ఆయన నిరాకరించుట నిజమే. దానికాయన చెప్పిన కారణము లోకజ్ఞానముగలది. ప్రభుత్వపు ధాన్యము మోయు ఓడ మునిగినచో విచారణ జరుగును. బ్రదికి బయటపడిన నావికులను హింసించి ప్రశ్నింతురు. అట్లు కాకుండ నష్టము చెల్లింపవలెనన్న పెద్దనిలువ ధనము కావలెను. బిచ్చమెత్తు చేతిని త్రోసి బంగారము నిలువచేయుట బిషప్పు పని కాదు. కార్తేజి బిషప్పు ఔరేలియుసు కథయును ఆయన చెప్పెను. బిడ్డలు లేని ఒకడు జీవితకాలపు అనుభవము మాత్రము ఉంచుకొని ఆస్తియంతయు కార్తేజి సంఘమునకు వ్రాసెను. తరువాత అతనికి బిడ్డలు పుట్టిరి. చట్టప్రకారము ఆస్తి సంఘమునదే. ఔరేలియుసు అతడు అడుగకమునుపే, అనుకొననైన అనుకొనకమునుపే, దస్తావేజు తిరిగి యిచ్చివేసెను.

గడువు తీరెను. 426 జనవరిలో జనము మరల కూడిరి. లాజరుసు అను డీకను యెరూషలేము విశ్వాసుల ఉమ్మడిజీవితమును గూర్చిన భాగమును చదివెను. అగస్తీను గ్రంథమును తన చేతికి తీసికొని, మాటలాడుటకంటె దీనిని చదువుటయే నాకిష్టమని అదే భాగమును తానును చదివెను. ఆమీదట లెక్క మొదలు. తన సోదరులందరును బీదతనముననే ఉండగోరిరని సంతోషముతో చెప్పి ఒక్కొక్కరి సంగతి విప్పెను. డీకను వాలెంసునకు అన్నదమ్ములతో పంపకము కాని పొలములున్నవి, అందుచేత ఆలస్యము. డీకను ఫౌస్తీనుసు సైన్యమునుండి వచ్చినవాడు. తన భాగములో సగము సోదరులకు, సగము ఆ ఊరి పేదసంఘమునకు ఇచ్చెను. డీకను సెవేరుసు గ్రుడ్డివాడు. తల్లిని, చెల్లెలిని స్వదేశమునుండి తెచ్చుకొనదలచి వారికొరకు ఒక ఇల్లు కొనెను. ఆ డబ్బు భక్తులిచ్చినది, వారి పేర్లు తనకు తెలియును. గురువు లెపోరియుసునకు రహస్యముగా ధనమున్నదను మాట అబద్ధము; బాటసారుల సత్రమును తన ఆజ్ఞచేతనే కట్టించెను. గురువు బర్నబాసు ఒక పొలము కొనెనను వదంతియును అబద్ధము. ఆ స్థలము ఒక భక్తుడిచ్చిన దానము, అతడు దానిలో మఠము కట్టెను. అతనికి అప్పులుండుట మాత్రము నిజము, అవి తీరు దారి ఇదియని వివరించెను. యనువారియుసు పిల్లల తగవు తాను తీర్పు చెప్పకమునుపే పరిష్కారమయ్యెను. సంఘము వదలుకొనిన ధనమును అన్నాచెల్లెండ్రు సమముగా పంచుకొనిరి.

ఈ లెక్కలో మనకు ముల్లువలె గ్రుచ్చుకొను పద్దు ఒకటి కలదు. హిప్పో వాడే యగు ఒక డీకను పేదవాడు. పదవికి ముందు కష్టపడి సంపాదించి కొందరు బానిసలను కొనియుండెను. వారిని ఈ దినమే జనముయెదుట విడుదల చేయునని అగస్తీను ప్రకటించెను. ఇతరుల బానిసలను గూర్చియు అట్టి మాటలే చెప్పెను. వారు స్వతంత్రులగుట సంతోషకరమే. కాని ఇంత సూక్ష్మముగా లెక్క చూచిన మనస్సునకును మనుషులు పొలములు, ఇండ్లతోపాటు ఒకే జాబితాలో చేరుట తప్పుగా తోచలేదు. నాటి లోకమట్లుండెనని చెప్పి ఊరకుండలేము; ఆయన నాటి లోకముకంటె ఎన్నియో విషయములలో ముందు నడచినవాడే గదా.

చివరకు తన సంగతి. తనకు ఖరీదైన అంగీలు తెచ్చి యియ్యవలదని జనమును వేడుకొనెను. అవి బిషప్పునకు తగునేమో గాని అగస్తీనునకు, పేద తలిదండ్రులకు పుట్టిన పేదవానికి, తగవనెను. ఇచ్చినచో అమ్మి పేదలకు పంచుదునని ముందుగానే హెచ్చరించెను. బట్ట ఏదైన ఇచ్చినచో తన సోదరులలో ఎవనికైన ఇచ్చుటకు తగినదై యుండవలెను. ఇక ఈ దినమునుండి సొంత ఆస్తి దాచిన గురువు కనబడినయెడల వీలునామా వ్రాయనీయననియు, పట్టికనుండి పేరు కొట్టివేయుదుననియు, ఎన్ని సభలకు మొరపెట్టినను తాను బిషప్పుగా నున్నంతవరకు హిప్పోలో అతనికి చోటులేదనియు ప్రతిజ్ఞ చేసెను. ఫుస్సాల వ్యవహారమునుండి నేర్చిన పాఠము ఈ కఠినవాక్యములలో వినబడుచున్నదని మేము తలంచుచున్నాము. ఈసారి సగము శిక్ష మాట లేదు.

అదే సంవత్సరము సెప్టెంబరు 26వ తేదిని హెరాక్లియుసు అను గురువును తన వారసునిగా జనముయెదుట నిర్ణయించి, అందరిమాటలను లేఖకులచేత వ్రాయించెను. బిషప్పు బ్రదికియుండగా మరియొకనిని బిషప్పు చేయుట నిసీయా సభ కట్టడికి విరుద్ధమని తనకును వలేరియుసునకును నాడు తెలియదనియు, తన విషయమున జరిగిన తప్పు హెరాక్లియుసు విషయమున జరుగరాదనియు చెప్పి, అతనిని తన మరణమువరకు గురువుగానే యుంచెను. 426, 427 సంవత్సరములలో తాను జీవితమంతయు వ్రాసిన గ్రంథములను ముందు పెట్టుకొని, ఎక్కడెక్కడ తప్పుగా వ్రాసితినో వరుసగా చూపుచు ఒక గ్రంథము వ్రాసెను. అబద్ధమును గూర్చిన మొదటి పుస్తకము అర్థము కాకుండ నున్నదని, దానిని లోకములో లేకుండ చేయదలచితినని అందులోనే వ్రాసికొనెను. అదృష్టవశమున ఆ పుస్తకము మిగిలినది.

430లో వాండలులు హిప్పోను ముట్టడించిరి. చుట్టుప్రక్కల ఊళ్ల బిషప్పులు, వారిలో పొస్సిదియుసు, కోటలోనికి వచ్చి తలదాచుకొనిరి. ఆగస్టు 28వ తేదిని అగస్తీను జ్వరముతో చనిపోయెను. అంతకు చాలకాలము పూర్వమే బందీలను విడిపించుటకు గుడిలోని వెండిపాత్రలను కరగించి ఇచ్చియుండెను. ఆయన వీలునామా వ్రాయలేదని పొస్సిదియుసు చెప్పుచున్నాడు. సంఘపు గ్రంథాలయమును జాగ్రత్తగా కాపాడవలెనని మాత్రము పలుమార్లు ఆజ్ఞాపించెనట. గుడి సామగ్రి, ఇంటిలోని వస్తువులు లెక్క చూచు గురువు చేతిలోనే యుండెను. బంధువులకు బ్రదికియుండగా ఇచ్చినదియు, వారు పేదలైనప్పుడు ఇతర పేదలకిచ్చినంతయే.